మూడో అంకె

ఒకే ఇంటి అల్లుళ్ళిద్దరు ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే ఏమవుతుందో ముందుగా ఎవరూ ఆలోచించరు. ఆలోచించాల్సిన మామగారు ఆలోచించలేదు. వద్దనాల్సిన పెద్దల్లుడికి నోరు రాలేదు.

అంతకుముందు చాలా ఏళ్ళు ఆ ఇంటికి అతనొక్కడే అల్లుడు. ముందుగదిలో కిటికీ పక్కనున్న మెత్తటి కుర్చీ అతనిది. గేటు చప్పుడైతే చాలు, మామగారు పేపరు మడిచి ఆ కుర్చీలోంచి లేచేవారు. అత్తగారు వంటింట్లోంచే అడుగుల చప్పుడు గుర్తుపట్టి టీకి నీళ్ళు పెట్టేవారు. ఫోను మొరాయించినా, టీవీ మూగబోయినా, బ్యాంకు నుంచి అర్థంకాని మెసేజి వచ్చినా అల్లుడుగార్ని రానీ అనుకునేవారు. అప్పట్లో పెద్దా చిన్నా అనే గొడవ లేదు. మరదలికి పెళ్ళయ్యాక అతను పెద్దల్లుడయ్యాడు. ఈ ప్రమోషన్ అతను అడిగి తెచ్చుకున్నది కాదు.

చిన్నల్లుడు వచ్చీ రాగానే ఇంటిల్లిపాదినీ బుట్టలో వేసుకున్నాడు. మాటకారి. మామగారితో పేకాడతాడు, పైగా ఓడిపోతాడు. అత్తగారి వెనకాలే వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తుడుస్తాడు. ఒకరోజు తెలియక కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు. ఆ పూటంతా పెద్దల్లుడు సోఫా అంచున కూర్చుని, పైకి నవ్వుతూ, లోపల కుతకుత ఉడికిపోయాడు. ఇంటికొచ్చి భార్య దగ్గర వెళ్ళగక్కాడు. కుర్చీదేముందండీ, మరీ చిన్నపిల్లాడిలా, అని ఆవిడ నవ్వేసింది. చిన్నపిల్లాడెవరో, తనో వాడో, ఆవిడ చెప్పలేదు. అతనికీ అడగబుద్ధి కాలేదు.

అది చాలదన్నట్టు మామగారు ఒకనాడు చెయ్యి పట్టుకుని, మీ ఆఫీసులో మా చిన్నల్లుడికి కూడా ఏదైనా చూడండి అన్నారు. కాదంటే కుళ్ళనుకుంటారు. అది కుళ్ళే అయినా, అనుకోనివ్వడం పెద్దల్లుడికి ఇష్టం లేదు. ఇంటర్వ్యూలో ఎలాగూ బోల్తా కొడతాడులే అని ధైర్యం చెప్పుకుని పేరు ఇచ్చాడు. ఇంటర్వ్యూ గదిలోంచి అరగంటసేపు నవ్వులు వినిపించాయి. ఉద్యోగం వచ్చేసింది.

ఆ ఆఫీసు రక్తపరీక్షలు చేసే ఒక సంస్థది. ఊరంతా బ్రాంచీలు. ఏ మూల ఎవరి చేతికి సూది గుచ్చినా, ఫలితం చివరికి వచ్చి చేరేది పై అంతస్తులో, ఎప్పుడూ చలిగా ఉండే గదిలోని డేటాబేస్ సర్వర్‌లోకే. దాన్ని చూసుకునే సెక్షన్లో ఉన్నది ముగ్గురు. రిటైరవబోతున్న సెక్షన్ హెడ్డు, ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన తర్వాత పెద్దల్లుడు. ఆ తర్వాత చిన్నల్లుడు. పెద్దాయన లేస్తే ఆ సీటు తనదేనని పెద్దల్లుడు ఎన్నో ఏళ్ళుగా లెక్కలో వేసుకుని ఉన్నాడు.

ఆ గదిలో పెద్దాయన పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. అసలు సర్వర్ మీద ఎవరూ ఒంటరిగా ఏదీ కొట్టకూడదు. ఒకరు టైపు చేస్తారు. పక్కన ఇంకొకరు కూర్చుని, తెరమీద ఉన్నది ఉన్నట్టు పైకి చదువుతారు. అంతా సరిగ్గా ఉంటే "కొట్టు" అంటారు. అప్పుడే మొదటివాడు ఎంటర్ నొక్కాలి. ఇది మాటవరసకి పెట్టుకున్న నియమం కూడా కాదు. సర్వర్‌లోకి వెళ్ళాలంటే రెండు పాస్‌వర్డ్‌లు కావాలి, కొట్టేవాడిదొకటి, చదివేవాడిదొకటి. బళ్ళో ఎక్కాలు చెప్పినట్టు ఇదేం గోల అని బయటివాళ్ళు నవ్వేవారు. ఈ గోల మొదలయ్యాక ఆ గదిలో పెద్ద పొరపాటంటూ జరగలేదు. చదవడంలో పెద్దల్లుడిది పెట్టింది పేరు. చుక్క అటూ ఇటూ అయినా పట్టేస్తాడు. అతను కొట్టమన్నాక ఇంక వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదని పెద్దాయనే నలుగురిలో అనేవాడు.

ఇక్కడ పెద్దల్లుడి రహస్యం ఒకటి చెప్పుకోవాలి. అతనికి షుగరు. సరిగ్గా మరదలి పెళ్ళి నాటికే బయటపడింది. మా పెద్దల్లుడు ఇంతవరకూ డాక్టరు గుమ్మం తొక్కలేదు అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునే రోజులవి. చిన్నల్లుడేమో పొద్దున్నే పరుగెత్తి వచ్చి చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటే, వాడి ఎదురుగా తను మాత్రలు మింగుతూ కనిపించాలా? అందుకని నోరు కుట్టేసుకున్నాడు. భార్యకీ చెప్పలేదు, ఆవిడకి చెబితే చెల్లెలికి చెప్పినట్టే. ఊరికి ఆ చివరున్న బ్రాంచికి వెళ్ళి గుట్టుగా రక్తం ఇచ్చి వచ్చేవాడు. ఎంత దూరం వెళ్ళి ఇచ్చినా ఆ ఫలితం తన సర్వర్‌లోకే వచ్చి పడుతుందనే ఆలోచన అతనికి రాలేదని కాదు. నా సర్వర్‌లో నా రక్తం ఉంటే నష్టమేమిటి అనుకున్నాడు.

ఇక చిన్నల్లుడి ఆగడాలు చెప్పాలంటే, పెద్దల్లుడి మాటల్లోనే, ఒకటా రెండా. మిషన్ దగ్గర్నుంచి ఇద్దరికీ టీ తెస్తాడు, పెద్దల్లుడి కప్పులో చక్కెర ఉండదు. అయ్యో మర్చిపోయానన్నయ్యా అంటాడు. ఒకసారి మర్చిపోతే మరుపు, రోజూ మర్చిపోతే పొగరు. లిఫ్టు కోసం నిలబడితే, మెట్లెక్కుదాం రండన్నయ్యా అని భుజం మీద చెయ్యి వేసి లాక్కుపోతాడు, నా ఊపిరి ఎంతుందో చూద్దువుగాని అన్నట్టు. అన్నిటికంటే దారుణం ఆదివారం భోజనాల దగ్గర. అత్తగారు పెద్దల్లుడి ప్లేట్లో మిఠాయి పెట్టడమే ఆలస్యం, పక్క కుర్చీలోంచి చెయ్యొచ్చి దాన్ని ఎగరేసుకుపోతుంది. అన్నయ్య వాటా కూడా నాదే అంటాడు వాడు, నోటి నిండా కుక్కుకుని. అందరూ పకపకా నవ్వుతారు. ఆ మిఠాయి తను తినకూడదని పెద్దల్లుడికి తెలుసు. తినకూడనిదైనా అది తన ప్లేట్లోది. అత్తగారు తనకి పెట్టింది. దాన్ని కూడా వాడే తినాలా?

తిన్నది ఎక్కడికీ పోదు కాబట్టి చిన్నల్లుడికి ఈ మధ్య పొట్ట కూడా వచ్చింది. అదొక్కటే పెద్దల్లుడి కళ్ళకి చల్లగా ఉండేది.

అలా ఉండగా ఒకనాటి పొద్దున పెద్దాయన లిఫ్టులో ఒక మాట చెవిన వేశాడు. వచ్చేవారం బుధవారం బయటినుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారు. అది సవ్యంగా జరిగితే మేనేజర్ మేడం పెద్దాయన సీటు చిన్నల్లుడికి ఇద్దామనుకుంటోందట. నలుగురినీ కలుపుకుపోతాడని ఆవిడ ఉద్దేశం. నువ్వేం మనసులో పెట్టుకోకు, మీ ఇంటివాడేగా, అని పెద్దాయన వీపు తట్టాడు. తట్టి, మిగిలిన సెలవులు వాడుకోవడానికి ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయాడు. మా ఇంటివాడే అని పెద్దల్లుడు లోపల పళ్ళు కొరికాడు.

ఆరోజే సర్వర్‌లో చోటు నిండుకుంది. లాగ్‌లని కొత్త డిస్కులోకి మార్చాలి. లాగ్ అంటే మరేం లేదు, సర్వర్ తన పని గురించి తనే రాసుకునే ఫైలు. ఏ వెతుకులాట ఆలస్యమైందో, ఎవరి పేరు పెట్టి వెతికారో, ఏ పరీక్ష కోసమో, అంతా అక్షరం పొల్లుపోకుండా అందులో రాసేస్తుంది. అందుకే దాన్ని ఎవరెవరు చదవచ్చో మూడంకెల్లో చెప్పి పెడతారు. మొదటి అంకె సర్వర్‌కి. రెండోది సెక్షన్ వాళ్ళకి. మూడోది మిగతా జనానికి, అంటే ఊళ్ళో బ్రాంచీల్లో రిపోర్టులు ప్రింటు తీసే ప్రతి కౌంటరుకీ. లాగ్‌కి ఆ మూడో అంకె సున్నా ఉండాలి. సున్నా ఉంటే తలుపు మూసినట్టు, నాలుగు ఉంటే బార్లా తెరిచినట్టు.

చిన్నల్లుడు కొడుతున్నాడు, పెద్దల్లుడు పక్కన కూర్చున్నాడు. వాడి నోరు ఊరుకోదు. నిన్న మామగారు పేకలో ఎలా దొంగాట ఆడారో చెప్పుకుంటూ, నవ్వుకుంటూ కొడుతున్నాడు. మామూలు ఫైళ్ళకి ఎప్పుడూ ఇచ్చేది ఆరు, నాలుగు, నాలుగు. వేళ్ళు అలవాటుకొద్దీ అదే కొట్టేశాయి. కొట్టి, చదవమన్నట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

పెద్దల్లుడు తెర వైపు చూశాడు. చూడగానే కనిపించింది. అంత చిన్న అంకె అతని కంటికి గోడమీద రాసినంత పెద్దగా కనిపించింది. మామూలు రోజైతే "ఏంట్రా ఇది" అని ఉండేవాడు. ఆ పొద్దున విన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"ఆరు," అని చదివాడు. "నాలుగు." కాస్త ఆగాడు. "నాలుగు."

చిన్నల్లుడు ఇంకా మామగారి పేకముక్కల గురించే నవ్వుకుంటున్నాడు.

"కొట్టు," అన్నాడు పెద్దల్లుడు.

వాడు కొట్టాడు. ఆ క్షణంనుంచి రాసే లాగ్ ప్రతిదీ ఊరందరికీ తెరిచిన పుస్తకమే. టైపు చేసింది ఎవరో సర్వర్ పేరుతో సహా రాసుకుంటుంది. రెండో పాస్‌వర్డ్ ఎవరిదో రాసుకోదు, పక్కన చదివినవాడి గొంతుని రాసుకునే ఏర్పాటూ దానికి లేదు. తనిఖీవాళ్ళు ముందుగా చూసేవి ఆ అంకెలే. చూస్తారు, పట్టుకుంటారు, ఎవరు కొట్టారని అడుగుతారు. ఆ తర్వాత వాడి నవ్వులు ఎవరికి కావాలి? పెద్దల్లుడు అబద్ధం ఆడలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాడు. ఆ సంగతి తనకి తనే పదేపదే చెప్పుకున్నాడు.

తర్వాతి రోజులు అతనికి హాయిగా గడిచాయి. చక్కెరలేని టీ కూడా కిమ్మనకుండా తాగాడు. మెట్లు కూడా ఎక్కాడు. వాడు ఏం మాట్లాడినా, మాట్లాడు నాయనా, ఇంకెన్నాళ్ళు, అని లోపల నవ్వుకున్నాడు. అత్తగారు వాడికి స్వెటర్ అల్లుతున్నారని భార్య చెబితే కూడా పెద్దగా మండలేదు.

శుక్రవారం నాడు ఆ సంతోషాన్ని కళ్ళారా చూడాలనిపించింది. కింద అంతస్తులో రిపోర్టు కౌంటరు ఉంది. అక్కడి అమ్మాయి భోజనానికి లేచిన సమయం చూసి, ప్రింటర్ చూస్తానని చెప్పి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆమె లాగిన్‌తోనే వెళ్ళి లాగ్ తెరిచాడు. అది అడ్డు చెప్పకుండా తెరుచుకుంది. వరసగా పేర్లు. ఎవరో ముసలాయన, కాలేయం పరీక్ష. ఎవరో అమ్మాయి, గర్భం నిలిచిందో లేదో చూసే పరీక్ష, పక్కనే ఆమె ఫోన్ నంబరు. ఇంకెవరిదో, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పుకోలేని జబ్బు. పెద్దల్లుడు వాటిమీదుగా కళ్ళు పరిగెత్తించాడు. ఎన్ని పేర్లుంటే వాడి తప్పు అంత పెద్దది. ఇంకా ఉన్నాయా అని ఆశగా కిందికి జరిపాడు.

అక్కడ తన పేరు కనిపించింది.

పేరు, వయసు, ఫోన్ నంబరు, షుగరు పరీక్ష. ఊరి చివర బ్రాంచిలో డాక్టరు ఆ మంగళవారమే అతని పాత ఫలితాల కోసం పేరు పెట్టి వెతికాడు. పేరు పెట్టి వెతికితే సర్వర్ తడుముకుంటుంది, తడుముకున్న ప్రతిదీ లాగ్‌లోకి ఎక్కుతుంది. ఆ తడుములాట తగ్గడానికి పేర్లకి ఇండెక్స్ ఒకటి, పుస్తకం వెనకుండే పట్టికలాంటిది, కట్టమని పెద్దాయన ఎప్పుడో చెప్పాడు. కట్టాల్సింది పెద్దల్లుడే. ఇవాళ రేపు అంటూ దాన్ని అలాగే వదిలేశాడు. లాగ్ చదవడం చిన్నవాళ్ళ పనిలే అని రోజూ దాన్ని చిన్నల్లుడికే అప్పజెప్పాడు కూడా.

అతను ఫైలు టక్కున మూసేశాడు. రిపోర్టు కౌంటరు అమ్మాయిది మరదలి స్నేహితురాలి ఇంటిపక్క ఇల్లు. ఆమె గనక సరదాకి ఈ ఫైలు తెరిస్తే సాయంత్రానికల్లా మామగారి ముందుగదికి చేరిపోతుంది. భోజనం చేసి వచ్చిన ఆ అమ్మాయి, ప్రింటర్‌కి ఏమైంది సార్ అని అడిగింది. దానికేం కాలేదన్నాడు.

మూసేద్దామంటే ఒక్కడి వల్ల కాదు. రెండో పాస్‌వర్డ్ కావాలి. పెద్దాయన సెలవులో ఉన్నాడు. మిగిలింది వాడే. మూసెయ్యాలంటే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేత పైకి చదివించి, వాడి నోటితో "కొట్టు" అనిపించుకోవాలి. మూస్తే వాడు తనిఖీనుంచి బయటపడతాడు, సీటు వాడిదవుతుంది. మూయకపోతే బుధవారందాకా తన షుగరు ఊరంతటికీ తెరిచి ఉంటుంది. ఏది ఎక్కువ నొప్పో ఆ రెండు రోజులూ తూచుకుంటూనే ఉన్నాడు.

ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు అల్లిన స్వెటర్ వాడికి తొడిగి చూశారు. పొట్ట దగ్గర పట్టలేదు. మా వంటే కారణం అని అత్తగారు మురిసిపోయారు. మామగారు ఆఫీసు సంగతులు అడిగారు, పెద్దల్లుడిని కాదు. మిఠాయి వచ్చింది. ఎప్పటిలాగే చెయ్యి వచ్చింది. అన్నయ్య వాటా నాదే. ఆ మిఠాయి వాడి నోట్లోకి పోతుంటే చూసి, బుధవారందాకా ఆగుదామనే పెద్దల్లుడు నిశ్చయించుకున్నాడు. అంతలో మరదలు ఫోను చూసుకుంటూ, తన స్నేహితురాలు ఆ కౌంటరు అమ్మాయిని రేపు ఇంటికి తీసుకొస్తోందని వాళ్ళమ్మతో చెప్పింది. నిశ్చయం కాస్తా నీరుగారిపోయింది.

సోమవారం ఆఫీసుకు వస్తూనే, ఒక చిన్న పనుంది, చదువుదువుగాని రా అని వాడిని పిలిచాడు. తనే కీబోర్డు ముందు కూర్చున్నాడు. గబగబా కొట్టి చేతులు వెనక్కి తీశాడు. మనసులో, చూడకుండా చదివెయ్యరా బాబూ అని మొక్కుకున్నాడు.

"ఆరు, నాలుగు, సున్నా," అని చదివాడు చిన్నల్లుడు. కొట్టమనలేదు. "అదేంటన్నయ్యా? ఇవి లాగ్‌ల అంకెలు కదా. ఇప్పటిదాకా సున్నా లేదా?"

లేదన్నాడు పెద్దల్లుడు.

"డిస్కు మార్చిన రోజు కొట్టింది నేనేగా." వాడి మొహంలో నవ్వు చెరిగిపోయింది. "నాలుగు కొట్టానా? మరి మీరు చదివారు కదన్నయ్యా."

వాడు తెర వైపు ఇంకోసారి చూసి, అయితే ఇద్దరం చూసుకోలేదన్నమాట, అన్నాడు. ఎక్కడా వెటకారం లేదు. అన్నయ్య చూసి కూడా ఊరుకుంటాడన్న ఊహే వాడికి రాలేదు. వాడు తెరిచిపెట్టిన దారిలోనే పెద్దల్లుడు నడిచాడు. అవునురా, ఇద్దరం చూసుకోలేదు, అన్నాడు. వాడు కొట్టు అన్నాడు. ఇతను కొట్టాడు. తలుపు మూసుకుంది.

పెద్దల్లుడు ఊపిరి పీల్చుకుని లేవబోయాడు. వాడు లేవలేదు. మేడంకి చెప్పాలన్నాడు. మూసేశాం కదా, ఎవరికి తెలుస్తుంది, నీ సీటుకే ఎసరు, అని పెద్దల్లుడు గట్టిగానే నచ్చజెప్పాడు. సీటు మాట వాడికి అప్పటిదాకా తెలియదు. తెలిశాక కూడా వాడు తల అడ్డంగానే ఊపాడు.

"లోపల ఎలాంటి పేర్లు ఉన్నాయో మీరు చూడలేదన్నయ్యా. నేను రోజూ చదువుతాను. వాళ్ళకి చెప్పాలి." గొంతు తగ్గించాడు. "అందులో మీ పేరూ ఉంది. ఇప్పుడు కాదు, ఎప్పటినుంచో వస్తూనే ఉంది. నేను చేరిన కొత్తలోనే చూశాను."

లేవబోయిన పెద్దల్లుడు మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"మీరు ఎవరికీ చెప్పలేదంటే చెప్పుకోవడం ఇష్టం లేదనేగా. నేనూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా." వాడు తన పొట్ట వైపు చూపించి నవ్వబోయాడు. "అత్తయ్యగారు మీ ప్లేట్లో పెట్టేది చూస్తూ ఊరుకోలేక నేనే తినేస్తున్నాను. నాకసలు తీపి పడదన్నయ్యా. ప్యాంట్లన్నీ బిగుతైపోయాయి."

టీ, మెట్లు, మిఠాయి. పెద్దల్లుడికి అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మామూలు మనిషికైతే కళ్ళలో నీళ్ళు తిరగాలి. అతనికి ఒళ్ళంతా మండిపోయింది. కుర్చీ వాడిది, స్వెటర్ వాడిది, సీటు వాడిది. చివరికి మంచితనం కూడా వాడిదేనా? తనకి తెలియకుండానే ఇన్నాళ్ళూ తన మీద జాలి చూపించాడా?

మేడం గదిలో ఇద్దరూ నిలబడ్డారు. చిన్నల్లుడు ఉన్నదంతా చెప్పాడు. నేనే కొట్టాను మేడం, ఇద్దరం సరిగ్గా చూసుకోలేదు, అన్నాడు. మేడం వాడి మాట విని, చూపు పెద్దల్లుడి మీదికి తిప్పింది. ఆవిడ చాలా ఏళ్ళుగా అతను తెర చదవడం విన్న మనిషి.

"చదివింది మీరా?" అంది. "మీకు కనిపించలేదా?"

కనిపించలేదంటే సరిపోతుంది. పొరపాటు అందరికీ జరుగుతుంది. ఓ మాట పడి, ఓ కాగితం మీద సంతకం పెట్టి, బయటికి వచ్చెయ్యచ్చు. కనిపించలేదు అనడానికి పెద్దల్లుడు నోరు తెరిచాడు కూడా. పక్కన వాడు, మరేం ఫరవాలేదన్నయ్యా అన్నట్టు, జాలిగా చూస్తున్నాడు. ఆ చూపు అతను భరించలేకపోయాడు. చుక్క తేడా పట్టే తన కన్ను గుడ్డిదైపోయిందని వీడి ముందు ఒప్పుకోవాలా? నిజం చెప్పేవాడు ఈ గదిలో వీడొక్కడేనా?

"కనిపించింది మేడం," అన్నాడు. "నాలుగని చూశాను. చూసే కొట్టమన్నాను."

ఎందుకని మేడం అడిగింది.

"ఆ సీటు వీడికిస్తారని. ఇంకెందుకూ లేదు. వీడంటే నాకు కుళ్ళు."

పెద్దల్లుడు చిన్నల్లుడి వైపు తిరిగాడు. పెళ్ళినాటినుంచి వాడి మొహంలో నవ్వు లేని క్షణం కోసం అతను ఎదురుచూశాడు. ఇప్పుడు వాడి మొహంలో నవ్వు లేదు. దెబ్బ ఎక్కడినుంచి తగిలిందో తెలియని మనిషిలా వాడు అన్నయ్యనే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే అయినా, పెద్దల్లుడు తల దించుకోవాల్సి వచ్చింది.

ఉద్యోగం పోలేదు. పాత మనిషని ఉంచారు. చదివేవాడి పాస్‌వర్డ్ మాత్రం తీసేశారు. ఇకమీదట అతను కొట్టవచ్చుగాని చదవడానికి వీల్లేదు. కొట్టు అనే మాట ఆ గదిలో ఇక అతను అనకూడదు. లాగ్‌లో పేరున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, జరిగింది చెప్పి, క్షమాపణ అడగమని మేడం అతనికే పురమాయించింది. అతను చేశాడు. కాలేయం పరీక్ష ముసలాయన తిట్టాడు. గర్భం పరీక్ష అమ్మాయి ఏడుస్తున్నట్టు వినిపించింది. అతను ఫోన్ చేయక్కర్లేని పేరు ఒక్కటే మిగిలింది.

ఆ వారం టీ మిషన్ దగ్గర ఎవరి కప్పు వాళ్ళు తెచ్చుకున్నారు. బుధవారం తనిఖీ గట్టెక్కింది, చిన్నల్లుడు సెక్షన్ హెడ్డయ్యాడు. పనిమీద మాట్లాడాల్సివస్తే మాట్లాడేవాడు. అన్నయ్యా అనకుండా ఎలా మాట్లాడవచ్చో ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, బాగానే నేర్చుకున్నాడు. మెట్ల దగ్గర భుజం మీద చెయ్యి పడలేదు. పెద్దల్లుడు లిఫ్టులోనే వెళ్ళాడు.

ఆదివారం వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. వాడు చెప్పలేదు. చెప్పడని పెద్దల్లుడికి తెలుసు, ఆ నమ్మకం కూడా అతన్ని పొడుస్తూనే ఉంది. భోజనాలయ్యాయి. అత్తగారు ఎప్పటిలాగే ముందుగా పెద్దల్లుడి ప్లేట్లో మిఠాయి పెట్టారు.

అతను కదలకుండా కూర్చున్నాడు. పక్క కుర్చీలోంచి చెయ్యి రావాలి. మిఠాయి ప్లేటు మధ్యలో నెయ్యి మెరుస్తూ ఉంది. మరదలు, ఏంటీ ఇవాళ మీ అన్నయ్య వాటా వదిలేశారు, అని మొగుణ్ణి ఆటపట్టించింది. తీపి మానేశానన్నాడు వాడు, తన ప్లేటు లోకే చూస్తూ.

అందరూ పెద్దల్లుడి వైపు చూస్తున్నారు. ఎన్నాళ్ళనుంచో ఆ మిఠాయి తన ప్లేట్లో తనకే మిగలాలని అతను కుళ్ళుకున్నాడు. ఇవాళ మిగిలింది. వేలితో దాన్ని కాస్త పక్కకి జరిపాడు.

"నాకు వద్దండీ అత్తయ్యగారూ," అన్నాడు. "నాకు షుగరుంది."

ఆ తర్వాత ఇల్లంతా అతని చుట్టూనే తిరిగింది. భార్య ఇన్నాళ్ళు చెప్పలేదేమని ఏడ్చింది, ఆపైన కోప్పడింది. అత్తగారు నొసలు కొట్టుకున్నారు. మామగారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కిటికీ పక్క మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు పెట్టారు. చిన్నల్లుడు గదికి అవతల సోఫా అంచున కూర్చుని గోడమీద గడియారం చూసుకుంటున్నాడు.

టీ వచ్చింది. పెద్దల్లుడు ఒక గుక్క తాగాడు. చక్కెర లేదు. మర్చిపోయానని ఈసారి ఎవరూ అనలేదు.